గడప దాటిన మౌనం

"గడప దాటాక ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదట. మీవల్ల అయ్యే పనేనా?" ఊర్మిళ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చూస్తుండు. రిషికేశ్‌లో గురువుగారి కాళ్ళకు దణ్ణం పెట్టేదాకా నోరు విప్పితే ఒట్టు!" అన్నాడు మల్లేశ్వరరావు.

రాయపూర్‌లో అతని ఆఫీసువాళ్ళు ఆ నోటికి భయపడి టీ బయట తాగొస్తారు. అలాంటి మనిషి ఏళ్ళ తరబడి పుస్తకం చూసి ఆసనాలు వేశాడు. యోగా పుట్టినచోట నేర్చుకోవాలని ఒకటే కోరిక. ఇన్నాళ్ళకు ఆశ్రమం వాళ్ళు రమ్మన్నారు. నియమం ఒక్కటే, ఇల్లు వదిలిన దగ్గర్నుంచి మౌనం. ఆదివారానికి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఢిల్లీ టిక్కెట్టు జేబులో తడుముకుని కుడికాలు బయట పెట్టాడు.

"కహాఁ జానా హై, సాబ్?" అని ఎక్కడికో అడిగాడు రిక్షావాడు. మల్లేశ్వరరావు చెయ్యి ఇంజను చక్రంలా తిప్పాడు. వాడు పగలబడి నవ్వి తొక్కాడు. ఒక గండం గడిచింది.

స్టేషన్లో ప్లాట్‌ఫారానికి రెండు పక్కలా ఎదురెదురు దిక్కులకు పోయే బండ్లు. మధ్యన కాలు మోపే చోటు లేదు. మైకు గోల ఎవరికీ అర్థం కావడం లేదు.

"రావుగారూ!" జనాన్ని తోసుకుంటూ కోటయ్య వచ్చాడు. వాళ్ళ వీధివాడే, భన్‌పురి ఫ్యాక్టరీలో పని. "ఎక్కడికని అడగన్లెండి, బయల్దేరిన మనిషిని అడక్కూడదు. అయినా మనోళ్ళెక్కే బండి నాకు తెల్దేటి? జల్దీ రండి, కదిలిపోతాది!"

తన యోగా పిచ్చి వీధంతా తెలిసినందుకు మల్లేశ్వరరావు గుండె పొంగింది. కోటయ్య తువ్వాలు విసిరి సీటు పట్టాడు. సంచీని, వెనకే రావుగారిని కూడా కిటికీలోంచి లోపలికి తోశాడు. ఆసనాల పుణ్యమా అని ఒళ్ళు విల్లులా వంగింది.

"ఏటండీ, ఇంత చేస్తే ఉలకరు, పలకరు! మా రావుగారేనా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి రెండు చేతులూ జోడించాడు.

బండి కదిలింది. పెట్టెలో ఎటు విన్నా తెలుగే! ఇంతమంది మనవాళ్ళు గంగ ఒడ్డుకు వెళ్తున్నారా? అడిగెయ్యాలని పెదవులు దురదపెట్టాయి. అడగలేదు.

"యే ఊరు బాబూ మీది?" ఎదురుగా ఉన్న ముసలమ్మ జంతిక చేతిలో పెట్టింది. అతను నవ్వి ఊరుకున్నాడు.

"మాట రాదు గావాల, పాపం" అని ఆవిడ పక్కావిడతో అంది.

మల్లేశ్వరరావుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఊర్మిళ ఉండి ఈ మాట వినాల్సింది! సీటుమీదే పద్మాసనం వేసి, గెలిచినవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

ముసలమ్మ అతని మోకాలు తట్టింది.

"ఇజీనగరం రాగానే లేపుతాన్లే బాబూ."