వెనక్కి తీసుకోలేని ప్రార్థన

"నోరు తెరు బాబూ. ఒక్క ముక్క. ఒక్కటంటే ఒక్కటే."

మంచం మీది కుర్రాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కదల్లేదు. పాలలో నానిన రొట్టె ముక్క చెంచాలోనే విడిపోయి దుప్పటి మీద బొట్టు బొట్టుగా కారింది.

రొట్టెలాయన దాన్ని తన చేతిరుమాలుతో తుడిచాడు. రోజూ బేకరీలో పొద్దుటి షిఫ్టు దిగి, పిండి అంటిన చొక్కాతోనే బస్సెక్కి వస్తాడు. జైలు ఆస్పత్రిలో నాలుగు నుంచి నాలుగున్నర దాకా చూడనిస్తారు. ఆ అరగంటా బతిమాలుతూనే ఉంటాడు. పన్నెండు రోజులుగా ఇదే తంతు.

ఆ రోజు డాక్టరు వార్డు గుమ్మంలోనే ఆపి చెప్పేశాడు.

"సెలైన్‌తో ఎన్నాళ్లని లాగుతాం చెప్పండి? వాడికే బతకాలని లేదు. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

కుర్రాడికి ఇరవై రెండేళ్లు. ఏడాది కింద, మిట్టమధ్యాహ్నం తప్పతాగి డెలివరీ వ్యాను నడిపాడు. సరిగ్గా బడి వదిలే వేళ. ఎనిమిదేళ్ల పాప రోడ్డు దాటుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది.

ఆ పాపని రొట్టెలాయనా చూశాడు. ఒంటి నిండా దుప్పటి కప్పారు గానీ, ఒక కాలి బూటు బయటికే ఉంది. లేసు ముడి పొద్దున కట్టింది కట్టినట్టే ఉంది. ఏడాదైనా ఆ ముడి ఆయన కళ్ల ముందు నుంచి పోలేదు.

తీర్పు రోజున కోర్టులో లేచి నిలబడి, "చిన్నవాడండీ, కాస్త దయ చూపించండి," అని జడ్జి గారికి చేతులు జోడించాడు. అప్పటి నుంచి భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది. పక్కనుంచి వెళ్లినా తలెత్తదు. బావమరిది మాత్రం మొహం మీదే అడిగేశాడు.

"వాడి మొహం చూసొచ్చిన కళ్లతో మా అక్క మొహం ఎలా చూస్తున్నావు బావా?"

ఆయన ఫ్లాస్కులో పాలు పోసుకుని బయల్దేరాడు. తను వెళ్లకపోతే వాడి కోసం వచ్చే మనిషి ఇంకొకరు లేరు.

"ఎందుకొస్తారు మీరు?"

గోడకేసి అడిగాడు కుర్రాడు. పన్నెండు రోజుల్లో వాడి నోట వచ్చిన మొదటి మాట.

"నువ్వు తినాలని."

"ఆ పాప వాళ్లమ్మ నన్ను క్షమించిందా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"లేదు. ఆవిడ వల్ల కావట్లేదు."

"మరి దేవుడెందుకు క్షమిస్తాడు? నాకేం అర్హతుందని?"

"అర్హతే ఉంటే క్షమించడమెందుకురా? బేకరీలో ప్రతి పిండిముద్దా నేను తూకమేసి పెడతాను. గ్రాము తేడా రానివ్వను. కృప అలా తూకమేసి ఇచ్చేది కాదు. అలా ఇచ్చి ఉంటే నా చేతికీ ఏమీ వచ్చేది కాదు."

"మీకేంటి? మీరు మంచివాళ్లు."

ఆ మాటకి ఆయన చేతిలోని చెంచా గిన్నెలో జారిపడింది.

మంచివాళ్లు! ప్రమాదం తర్వాత మొదటి మూడు నెలలూ చర్చిలో చివరి బెంచీలో బిగుసుకుపోయి కూర్చునేవాడు. పరలోక ప్రార్థన 'క్షమించుము' అన్న మాట దాకా వచ్చి ఆగిపోయేది. రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి అందరూ ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తుంటే తను లేచేవాడు కాదు. ఇంటికొచ్చి, మోకాళ్ల మీద పడి, ఒకటే అడిగేవాడు. వాణ్ణి చంపెయ్యి ప్రభువా. ఒక తండ్రి నోట రాకూడని ప్రార్థన.

ఒకరోజు పొయ్యి ముందు నిలబడి ఉండగా ఉన్నట్టుండి స్ఫురించింది. సిలువ మీద ఉండి కూడా క్షమించమన్నవాణ్ణా నేనిది అడుగుతున్నది? రొట్టెలు మాడిపోతున్నా పట్టించుకోకుండా భోరున ఏడ్చాడు. ఆ రోజుతో అడగడం మానేశాడు. కానీ అడిగింది అడగనే అడిగాడు. ఇప్పుడు చూస్తే, అది ఫలించేలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకి తెలీదు.

కుర్చీలోంచి జారి, మంచం పక్కన నేల మీద మోకరించాడు.

"నువ్వు చచ్చిపోవాలని దేవుణ్ణి అడిగానురా. మూడు నెలలు. పూట తప్పకుండా. ఇప్పుడు నువ్వు పోతే, నిన్ను చంపింది నేనే. నన్ను క్షమించు బాబూ."

మంచానికి తగిలించిన కాలి గొలుసు గలగలమంది. కుర్రాడు ఇటు తిరిగాడు. లోతుకుపోయిన కళ్లు, అట్టగట్టిన పెదవులు.

"మీరు నన్ను... లేవండి. మీకు దండం పెడతాను, ముందు లేవండి."

"'క్షమించాను' అను. అనేదాకా లేవను."

"నేనెవర్ని ఆ మాట అనడానికి?"

"నువ్వే అనాలి. ఇంకెవరన్నా నాకు సరిపోదు."

కుర్రాడు ఏడ్చేశాడు. ఆ ఏడుపులోంచే మాట బయటపడింది.

"క్షమించాను."

రొట్టెలాయన లేచాడు. చెంచా అందుకున్నాడు. ఈసారి కుర్రాడు నోరు తెరిచాడు. ఒక ముక్క మింగాడు. పొలమారింది. ఆయన వీపు నిమిరాడు. ఇంకో ముక్క పెట్టాడు.

గుమ్మం దగ్గర, ఆ రోజే డ్యూటీలో చేరిన నర్సు కళ్లు తుడుచుకుంది.

"ఎంతైనా కన్నతండ్రి కదా! ఇంతమందికి లొంగనివాడు నాన్న మాటకి లొంగాడు," అంది పక్కనున్న కానిస్టేబుల్‌తో.

"తండ్రే సిస్టర్," అన్నాడు కానిస్టేబుల్ గొంతు తగ్గించి, "కాకపోతే వీడికి కాదు, వీడి వ్యాను కింద పడిన ఆ పాపకి."