అత్తగారి ఫోల్డర్

ఎంటర్ నొక్కి, టీ ఓ గుక్క తాగి, అప్పుడు చూశాడు టైలరు. ‘అత్తగారు’ అని పేరు పెట్టుకున్న ఫోల్డర్లో ఏమీ లేదు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఖాళీ.

ఆదివారం కదా అని పాత ఫైళ్ళు శుభ్రం చేస్తున్నాడు. కంప్యూటర్లో లినక్స్ నేర్చుకునే ఉత్సాహంలో అడ్డమైనవన్నీ పోగేశాడు మరి. ఒక్కొక్కటీ తీయడానికి బద్ధకమేసి, అన్నిటికీ కలిపి ఓ స్టార్ గుర్తు పెట్టి, తీసెయ్యమని కమాండ్ కొట్టాడు. అది ఎక్కడిదాకా పాకిందో ఏమో! ‘నిజంగా తీసెయ్యమంటారా’ అని అడిగే మర్యాద ఆ కమాండ్‌కి లేదు. తీసినవి దాచే చెత్తబుట్టా లేదు.

ఎంత తొందర పెళ్ళిబట్టలైనా రెండుసార్లు కొలిస్తేగానీ కత్తెర పెట్టడని అతనికి పేరు. అలాంటివాడు కొలవకుండా కోసేశాడు.

పోయినవి అలాంటిలాంటివి కావు. పోయినేడు చనిపోయిన అత్తగారు కూతురికి పంపిన వాయిస్ మెసేజ్‌లు. భార్య పాత ఫోన్ మూలనపడే ముందు తనే వాటిని తీసి సర్వర్లో పెట్టాడు. సర్వరంటే మరేం లేదు, మేనల్లుడు పారేయబోతే అడిగి తెచ్చుకున్న లాప్‌టాప్. కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద ఉంటుంది. ఇంకో కాపీ లేదు. ‘ఇంట్లో సర్వరుండగా ఇంకోచోటెందుకు’ అని కోతలు కోసింది తనే.

లినక్స్‌లో అతని మొదటి ఘనకార్యం కూడా ఆ గొంతుతోనే. రోజూ లైట్లు వేసే వేళకి, వాటిలో ఏదో ఒకటి దానంతటదే వంటింటి స్పీకర్లో మోగేలా అమర్చాడు. భార్యకి చెప్పలేదు. గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు.

“ఏమే, ఫోనెత్తవేం? నీకోసం కాదులే, అల్లుడుగారి దగ్గు తగ్గిందా అని!”

అత్తగారి గొంతు ఖంగుమంది. భార్య చేతిలో గిన్నె కింద పడింది.

“ఎలా ఉంది?” అన్నాడు పొంగిపోతూ.

ఆమె వెనక్కి తిరగలేదు. కొళాయి తిప్పుతూ, “బావుందండీ” అంది.

అప్పట్నుంచి రోజూ అంతే. ఆ వేళకి పొయ్యి ముందు, వీపు ఇటుపెట్టి, బిగుసుకుని నిలబడేది. మెసేజ్ అయ్యాక పెద్దగా ఊపిరి వదిలేది. తల్లంటే ఎంత ప్రాణమో అనుకుని ఇతను కళ్ళు తుడుచుకునేవాడు. తను మాత్రం అన్నీ వినలేదు. తల్లీకూతుళ్ళ మాటలు మనకెందుకని వినకుండానే ఎక్కించాడు. తర్వాత ఆ గర్వంతో, నేర్చుకున్న ప్రతి ముక్కా ఆమె పక్కన చేరి అప్పజెప్పేవాడు. ఆమె ఊఁ కొడుతూ గిన్నెలు తోముకునేది.

ఇప్పుడా గొంతు లేదు. కంగారులో, పోయిన ఫైళ్ళు తెచ్చిపెట్టే ప్రోగ్రామేదో దొరికితే గబగబా ఎక్కించాడు. ఏమీ రాలేదు. మర్నాడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తాడు.

“పోయాక దీంట్లో ఏమన్నా ఎక్కించారా?” అడిగాడు మెకానిక్.

“పోయినవి తెచ్చే ప్రోగ్రామండీ.”

“ఎక్కడ ఎక్కించారు?”

“దీంట్లోనే.”

మెకానిక్ తల పట్టుకున్నాడు. “తీసేసినా ఫైళ్ళు వెంటనే పోవు సార్. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుందంతే. మీరు సరిగ్గా ఆ చోట్లోనే దీన్ని తెచ్చి కుదేశారు.”

“ఇంక రావా?”

“దేవుడు దిగొచ్చినా రావు.”

సాయంత్రాలు మూగబోయాయి. స్పీకర్ పాడైందని అబద్ధమాడాడు. ‘ఎప్పుడు బాగవుతుంది’ అని ఆమె ఒక్కమాట అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది. పైగా కొసరి కొసరి వడ్డిస్తోంది. తప్పుచేసినవాడికి ముద్ద ఎలా దిగుతుంది? షాపులో చెయ్యి మాట వినడం మానేసింది. ఓ చొక్కాకి చేతులు రెండూ తారుమారుగా కుట్టేశాడు. “ఇది తొడుక్కుని నేను వెనక్కి నడవాలా?” అన్నాడు చొక్కా తాలూకు ఆయన. అందరూ నవ్వారు. టైలరుకి మాత్రం ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొస్తూనే వంటింట్లో పీట మీద కూలబడ్డాడు.

“స్పీకర్ పాడవలేదు” అన్నాడు.

భార్య స్టవ్ కట్టేసింది.

“మీ అమ్మ గొంతు నేనే తుడిచేశాను. తెలిసీ తెలియని కమాండ్ కొట్టి మొత్తం పోగొట్టాను. బాగుచెయ్యబోయి ఇంకా పాడుచేశాను. నన్ను తిట్టు. ఏదో ఒకటి అను!”

ఆమె తిట్టలేదు. పక్కన కూర్చుని, అతని చొక్కాకి అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

“మీరు ఏడవకండి” అంది.

“ఏడవకుండా ఎలా ఉంటానే? ఆవిడ నీకు మిగిల్చిపోయింది అదొక్కటే.”

ఆమె నేల వైపు చూస్తూ అంది.

“అమ్మ ఆఖరి మెసేజ్ మీరు వినలేదు కదా. ‘ఒంట్లో అస్సలు బాలేదే, ఒక్కసారి వచ్చిపో’ అంది. వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. వెళ్ళలేదు. అది ఏ సాయంత్రం మోగుతుందోనని రోజూ ఆ పొయ్యి దగ్గర చచ్చిపోతూ నిలబడ్డాను. మీరేమో అంత మురిసిపోతుంటే, ఆపెయ్యమని నోరు రాలేదు.”

టైలరు తలెత్తి చూశాడు.

“ఆదివారం మీరు కూర్చునేసరికే అందులో ఏమీ లేవండీ, పొద్దున మీరు పాలకెళ్ళినప్పుడు, మీరు నేర్పిన ముక్కే కొట్టి అన్నీ నేనే తీసేశాను.”