అడవి మట్టి

ముందే ఒప్పేసుకుంటాను: ఈ కథలో తప్పు చేసింది చదువుకున్న మనిషే.

పరీక్షకి మట్టి నమూనాలు తియ్యడానికి కొండెక్కిన హేమలత, సంచులు విప్పి తల పట్టుకుంది.

ఐదు సంచుల మట్టి. అడవిది, కాఫీ తోటది, అడవి నరికి కాల్చి సాగుచేసే పోడుది, వరి మడిది, పశువుల బీడుది. లోపల వేసిన చీటీల మీద జెల్ పెన్ రాతలు చెమ్మకి కరిగి నీలం మరకలయ్యాయి.

ఏది ఎక్కడిదో తెలియదు. సాయంత్రానికి ఇవి పాడేరు ల్యాబుకి చేరకపోతే కాంట్రాక్టు ఉద్యోగం ఊడుతుంది. పైన మబ్బు. కింద జీపు డ్రైవర్ సుక్రు హారన్.

"ఏటైపోనాది పాపా?"

పొద్దున్నుంచీ వెనకాలే తిరుగుతున్న ముసలమ్మ. రెండుసార్లు పొమ్మన్నా పోలేదు.

"నీకర్థం కాదులే అమ్మమ్మా."

ముసలమ్మ చతికిలబడి, ఓ సంచిలోంచి చిటికెడు మట్టి నలిపి వాసన చూసింది.

"ఇది వరి మడి."

ఇంకోటి. "కాఫీ తోట."

"పశువుల బీడు."

"ఇది గాసిగాడి పోడు. సారం సచ్చిపోనాది."

హేమలత గబగబా రాసుకుంది. ఈసారి పెన్సిల్‌తో.

చివరి సంచి దగ్గర ముసలమ్మ చెయ్యి ఆగింది. ఆ మట్టిని చాలాసేపు అరచేతిలోనే ఉంచుకుంది.

"ఇదీ పోడే. నాది."

"రెండు పోళ్లు తవ్వలేదు అమ్మమ్మా. ఇది అడవి."

"అడివి మట్టి నువ్వు తియ్యనేదు పాపా."

"మేడమ్, బేగి రండి! వానొచ్చిందంటే ఘాట్ దాటలేం!" కింద నుంచి సుక్రు కేక.

ఒకటి తప్పు చెప్పిన మనిషి మిగతా నాలుగూ తప్పే చెప్పిందేమో? భయపడుతూనే ఐదో సంచి మీద 'అడవి' అని రాసి పరిగెత్తింది.

ఫలితాలు వచ్చేదాకా కంటి మీద కునుకు లేదు. వచ్చాయి. మడి మట్టి మడిలాగే, బీడు మట్టి బీడులాగే తేలాయి. ఐదోది అన్నిటికన్నా సారవంతం. ఆ మట్టినే కొలబద్దగా పెట్టి, 'మనిషి చెయ్యి పడని సహజ అడవి' అని రిపోర్టు అచ్చేశారు.

రెండు నెలల తర్వాత ఆ రిపోర్టూ, ముసలమ్మకి ఓ బిస్కెట్ పాకెట్టూ పట్టుకుని హేమలత మళ్లీ కొండెక్కింది.

"ఆ ముసలి రత్నాలమ్మా? పోయిన నెల పోనాదండి," అన్నాడు సుక్రు. "అదిగో, ఆ సెట్ల కిందే పాతినాం."

"అడవిలోనా?"

"అడివేటి మేడమ్! అడివిలో పనస సెట్లు అలా వరసగా మొలుత్తాయా?"

ఐదో సంచి నింపింది అక్కడే. ఆ రోజంతా నేలనే చూసిన హేమలత, ఇప్పుడు తలెత్తి చూసింది. పదేసి అంగలకో పనస, కొండ కొనదాకా.

"బోడైపోయిన పోడండి అది. నలభై ఏళ్లు ఒక్కర్తే గింజలు పాతి పెంచినాది."