ఆగిన గురక

"ఏళ్ల తరబడి నిద్ర లేకపోతే బీపీ పెరగదా, గుండె దెబ్బతినదా? నిద్రమాత్రలు రాశానుగా, వేసుకోలేదేం?" అని డాక్టరమ్మ ఆమెను నిలదీసింది.

"మొండిఘటమండీ!" పక్కనున్న భర్త అందుకున్నాడు. "నేనిలా వాలితే తెల్లారేదాకా ఒళ్ళు తెలీదు. దీనికేమో రాత్రంతా నా భుజం పొడవడమే పని!"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొడవక? గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. దాంతోపాటే ఊపిరీ ఆగుతుంది. పొడిస్తేగానీ మళ్ళీ తీసుకోరు. నేను మాత్ర మింగి పడుకుంటే మిమ్మల్ని పొడిచేదెవరు?"

అతని గొంతు దిగిపోయింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"గురక పెడుతున్నారని అన్నందుకే వారం రోజులు మూతి ముడుచుక్కూర్చున్నారుగా!"

అతని చెయ్యి తనకు తెలీకుండానే భుజం తడుముకుంది.

డాక్టరమ్మ కొత్త చీటీ తీసి అతని వైపు తిరిగింది. "మీ పేరు చెప్పండి."