'ఆరో రేవు' పాటలో బేస్

మొదటి దెబ్బకే హిడాకా కళ్లజోడు ఎగిరి డ్రమ్ముల కింద పడింది. రెండో దెబ్బకు హిడాకా కూడా అక్కడికే వెళ్లి పడ్డాడు.

"అడిగినదానికి జవాబు చెప్పు. 'ఆరో రేవు' పాటలో బేస్ గిటార్ వాయించిందెవరు?"

"నేనే," అన్నాడు హిడాకా, పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ.

చిగుసా చేతిలోంచి సగం తిన్న అన్నం ముద్ద నేల మీద పడింది. మోటోమాచి వీధిలో నేలమాళిగ స్టూడియో అది. రికార్డిస్టు భోజనానికి వెళ్లాడు. లోపల ఎంత అరిచినా పైనున్న పండ్ల కొట్టువాడికి కూడా వినపడదు. ఆ కొత్త మనిషి ఆమెకూ తలుపుకూ మధ్యలో నిలబడ్డాడు.

ఆ పాట పాడింది చిగుసా. అయినా కోబే ఊరంతా మాట్లాడుకునేది ఆమె గొంతు గురించి కాదు, దాని కింద పాములా జారుతూ పోయే ఆ బేస్ గురించి. టాక్సీ డ్రైవర్లు స్టీరింగు మీద వేళ్లతో అదే కొట్టుకుంటారు. రికార్డు అట్ట మీద 'పాట కట్టినది, బేస్: హిడాకా' అని ఉంటుంది. అది చూస్తే ఆమెకు కాస్త కడుపుమంట. దానికి తోడు ఆయన పొగరొకటి. బేస్ రికార్డు చేసిన రోజు స్టూడియో తలుపు గడియ పెట్టి ఎవరినీ రానివ్వలేదు. కచేరీకి రమ్మని రెండుసార్లు పిలుపొస్తే రెండుసార్లూ కాదన్నాడు. "వేదిక మీద వాయిస్తే వేళ్లు అరిగిపోతాయా?" అని ఆమె మొహం మీదే అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

"అబద్ధం!" అన్నాడు వచ్చినవాడు. "నా పేరు సెరిజావా. యొకోహామా క్లబ్బులో డ్రమ్స్ వాయించేవాణ్ని. నా పక్కన బేస్ వాయించింది నా పెళ్లాం మిసావో. మూడో స్వరం ముందు రవ్వంత ఆగి, అప్పుడు బొటనవేలితో తీగను కొట్టేది. ఆ ఆగడం లోకంలో ఇంకెవడికీ రాదు. మొన్న నూడిల్స్ కొట్లో రేడియోలో విన్నా. నాలుగేళ్ల కిందట సముద్రపు గట్టు మీద దాని బూట్లు దొరికాయి. శవం దొరకలేదు. ఎక్కడ దాచావురా దాన్ని?"

"చచ్చిపోయినవాళ్లను ఎక్కడ దాస్తారు?" హిడాకా మెల్లగా లేచి కూర్చున్నాడు. "రెండేళ్లు మీ క్లబ్బులో ముందు బల్ల దగ్గర కూర్చుని ఆమె వేళ్లనే చూశాను. పోయిందని తెలిశాక ఆ వాయింపు నాది చేసుకున్నాను. అడ్డు చెప్పేందుకు మనిషి లేదుగా."

చిగుసా ఇన్నాళ్లూ పొగరనుకుంది. ఇది దొంగతనం. అదీ చచ్చినావిడ దగ్గర!

సెరిజావా మూలనున్న బేస్ తీసి ఆయన ఒళ్లోకి విసిరాడు.

"అయితే వాయించు. పాట మొదట్లో వచ్చే ఆ ముక్క. నువ్వేనని నాకు నమ్మకం కుదిరితే ఈ తలుపు తీసుకుని పోతా. కుదరలేదో, మిసావో బతికున్నట్టే. దాన్ని వెతికి పట్టుకుంటా. ఈసారి బూట్లు కూడా మిగలవు."

హిడాకా ఎడమ చేతిని తీగల మీద పెట్టాడు.

"వాయించండి, హిడాకా గారూ! వాయించెయ్యండి, పోతాడు!" అని అరిచింది చిగుసా.

ఆయన ఆమె వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత సెరిజావా వైపు తిరిగి పళ్లు కనపడేలా నవ్వాడు.

"నీ ముందా? నీకేం తెలుసురా సంగీతం? నీ దెబ్బలకు ఆమె కుడి చెవి పోయిందటగా. ఒంటి చెవితో కూడా ఆమె తాళం తప్పలేదు. రెండు చెవులుండీ నువ్వు తప్పేవాడివి. క్లబ్బంతా నవ్వుకునేది. నీ వీపు వెనక ఆమె కూడా నవ్వేది."

సెరిజావా మొహం నల్లబడింది. మైకు స్టాండును తలకిందులుగా ఎత్తి, దాని ఇనుప పాదంతో ఆ ఎడమ చేతి మీద కొట్టాడు. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. తెగిన తీగ ఒకటి హిడాకా చెంపను చీల్చింది. మళ్లీ కొట్టాడు. చిగుసా వాడి వీపు మీదికి దూకి జుట్టు పట్టుకు లాగింది. వాడు విదిలిస్తే వెళ్లి గోడకు కొట్టుకుంది. మూడో దెబ్బ వేయడంలో వాడు తలుపును మరిచాడు. ఆమె పాక్కుంటూ బయటపడి, నడవలోని ఫోను అందుకుని పోలీసులను పిలిచింది.

తిరిగి వచ్చేసరికి సెరిజావా గోడకు జారబడి రొప్పుతున్నాడు. హిడాకా నలిగిన చేతిని పొట్టకు హత్తుకుని ముడుచుకుపోయి ఉన్నాడు.

"ఇక వాయించరా, దొంగ వెధవా," అన్నాడు సెరిజావా. కాసేపటికి గొంతు మారిపోయింది. "చచ్చిందన్నమాట. అది నిజంగానే చచ్చింది."

మెట్ల మీద పోలీసులు పట్టుకున్నప్పుడు వాడు పెనుగులాడలేదు.

ఎడమ చేతి వేళ్లు నాలుగు విరిగాయి. వాటిలో రెండు ఇక వంగవని చెప్పి వెళ్లిపోయాడు డాక్టరు. మంచం పక్కన కూర్చున్న చిగుసాకు జాలి కలుగుతోంది గానీ కోపం పోలేదు.

"చచ్చిపోయినావిడ వాయింపు కొట్టేశారు. సరే. అది ఒప్పుకున్న నోటితోనే వాణ్ని ఎందుకు రెచ్చగొట్టారు? ఆ కాస్త ముక్కా వాయిస్తే వెళ్లిపోయేవాడు కదా! అంత పొగరేమిటండీ మీకు?"

హిడాకా తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఎవరితోనూ అననని మాటివ్వు, చిగుసా."

"అనను. చెప్పండి."

"నాకు బేస్ వాయించడం రాదు."