నలభై రోజుల చల్లదనం

బాలకృష్ణ పొద్దున్నుంచి మూడుసార్లు తల దువ్వుకున్నాడు. మక్తల్‌లో తాను దగ్గరుండి కట్టించిన కొత్త ఆఫీసు భవనానికి ఆ రోజే పరీక్షాఫలితం.

అది మామూలు భవనం కాదు. ఏడాదికి ఎంత కరెంటు వాడుతుందో, దాదాపు అంత కరెంటూ తన నెత్తిమీది సోలార్ పలకలతో తానే తయారుచేసుకోవాలి. అది సాధ్యపడాలంటే ఎండాకాలంలో ఏసీ వెయ్యకపోయినా లోపల చల్లగా ఉండాలి. ముప్పై నాలుగు డిగ్రీలు దాటకూడదని నిబంధన. దాటకపోతే సర్టిఫికెట్ వస్తుంది, పక్కనే రెండో భవనం మంజూరవుతుంది. దాటితే మాత్రం రెండేళ్ల కష్టం నీళ్లపాలే. ఇంజనీరుగా ఆఫీసులో మళ్లీ తలెత్తుకోలేడు.

రెండో భవనానికి అడ్డం ఒకటే ఉంది. అది జానమ్మ ఇల్లు. రెండు మూరల మందం రాతిగోడలు, పైన చౌడుమట్టి మిద్దె. జానమ్మ మామ తన చేతులతో కట్టిన ఇల్లు. ఊరి చివర వేరే జాగా ఇస్తామని అధికారులు కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టి, మళ్లీ ఆ ఊసెత్తలేదు. కొత్త భవనం ఊడ్చేదీ, తాళాలు చూసుకునేదీ కూడా ఆమే.

బాలకృష్ణకు ఆ ఇల్లు కంట్లో నలుసు.

"గీ మట్టిదిబ్బ పక్కనుంటే నా బిల్డింగ్ ఫొటోలు కూడ మంచిగ రావు" అని డ్రైవర్‌తో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఏప్రిల్‌లో పరీక్షాధికారి వర్షిత వచ్చి, భవనం నడిమి గదిలోని గూట్లో అరచేతంత డబ్బా పెట్టిపోయింది. పది నిమిషాలకోసారి వేడి ఎంతో, తేమ ఎంతో అది తనలో రాసుకుంటుంది. ఆమె కారెక్కగానే బాలకృష్ణ జానమ్మను పిలిచాడు.

"గీ డబ్బ మస్తు నాజూకు సామాను. పైలంగ చూసుకో. కరాబైతే నీదే పూచీ."

"నాకు జెప్పినవు గద సారు, ఫికర్ వెట్టుకోకు. పసిపిల్ల లెక్క చూసుకుంట" అంది జానమ్మ.

అన్నట్టే చూసుకుంది. నలభై రోజుల తర్వాత ఆ రోజు వర్షిత మళ్లీ వచ్చి తలుపు తీయించేసరికి డబ్బా గూట్లో తళతళలాడుతోంది. నుదుట కుంకుమబొట్టు కూడా ఉంది. వర్షిత ఆ బొట్టు చూసి నవ్వి, డబ్బాను తన కంప్యూటర్‌కు తగిలించింది. తగిలించి కొంగుతో మెడ తుడుచుకుంది.

"లోపల ఇంత ఉడకపోస్తుందేంది బాలకృష్ణగారూ?"

"ఇప్పుడే తలుపు తీసినం కద మేడం. బయటి వేడంత ఒక్కసారే జొరబడ్డది" అన్నాడు బాలకృష్ణ, చొక్కా వీపుకు అతుక్కుపోయినా లెక్కచెయ్యకుండా.

తెర మీద గీత వచ్చింది. వర్షిత కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసింది. బయట నలభై నాలుగు డిగ్రీలు కాసిన రోజున కూడా లోపల ముప్పై రెండు దాటలేదు. బాలకృష్ణ గుండెల మీంచి బండ దింపినట్టయింది.

"రోజూ తెల్లారి ఐదింటికి, మళ్లీ సాయంత్రం ఏడింటికి వేడి కొంచెం పెరుగుతోంది. ఎందుకంటారు?" అని అడిగింది వర్షిత.

"గోడలు ఊపిరి తీసుకుంటున్నయి మేడం" అన్నాడు బాలకృష్ణ. ఆ మాట తనకే ఎంతో నచ్చి, వెంటనే చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. సన్మానసభలో పనికొస్తుంది.

"మరి మే పన్నెండున తేమ బాగా పెరిగింది. ఆ రోజు ఏమైనా జరిగిందా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ జానమ్మ చప్పున అందుకుంది.

"గా దినం మా మనుమరాలికి పేరు వెట్టినం మేడం."

బాలకృష్ణ పకపకా నవ్వాడు. "మీరేమనుకోకున్రి. ఆమెకు ఏ తారీఖు అడిగినా ఇంటి ముచ్చట్లే యాదికొస్తయి. గా రోజు మబ్బు పట్టి ఉంటది."

వర్షిత తలూపి సంతకం పెట్టేసింది. "పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇంత నిలకడగా చల్లగా ఉన్న కట్టడం చూడలేదు. జిల్లాల్లో కట్టే వాటన్నిటికీ ఇదే నమూనా అని రాస్తున్నాను. రెండోది కట్టాక వచ్చే వేసవిలో ఇదే డబ్బా మళ్లీ పెడదాం."

బాలకృష్ణ అక్కడికక్కడే ఫోన్ తీశాడు. "సోమవారం పొద్దుగాల్నే జేసీబీ పంపున్రి. పక్క జాగా సాఫు చేయాలె."

ఆ మాట చెవిన పడగానే జానమ్మ మొహం వాడిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని కిటికీలోంచి తన మిద్దె వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి బాలకృష్ణ మనసు కాస్త మెత్తబడింది. గెలిచినవాడికి దయ చూపడం పెద్ద కష్టం కాదు.

"డబ్బను మంచిగ చూసుకున్నవు జానమ్మా. నీకేమన్న కావాల్నంటే అడుగు, మొగమాటపడకు."

"నాకేమొద్దు సారు. ఒక్కటే రంధి. మా ఇల్లు కూలగొడితే, మల్లొచ్చే ఎండకాలం గీ డబ్బను యాడ దాయాలె?"

"దాచుడెందుకు? ఇప్పటి లెక్కనే గూట్ల ఉంటది."

"గూట్లనా సారు? గీ బంగ్లల ఉడుకుకు కరాబైతదని, మేడం కారెక్కిన కాన్నుంచి ఇయ్యాల పొద్దుగాల దాంక దాన్ని మా ఇంట్లనే పాలకుండ పక్కన వెట్టిన గద."