ఐదో ఊరు

"అమ్మా, ఇది మన టెంపుల్ కాదు. చెప్పులు తీయక్కర్లేదు. అందరూ చూస్తున్నారు," అంది కూతురు వేద.

రేణు వినిపించుకోలేదు. ఆ గ్రీకు దీవిలో, సముద్రం ఒడ్డునున్న చిన్న చర్చి గుమ్మం దగ్గర చెప్పులు వదిలి, లోపలికెళ్లి కూర్చుంది.

"త్వరగా రా. ఇది ఐదో ఊరే. ఇంకా రెండు ఊళ్లు కవర్ చేయాలి," అన్నాడు భర్త ఫణీంద్ర, మిషిగన్‌లో ఇంటి దగ్గరే ప్రింట్ తీసి తెచ్చిన లిస్టు చూస్తూ.

ఆమె బయటికొచ్చేసరికి ఆ చెప్పుల పక్కన మరో నాలుగు జతలున్నాయి. లోపల టూరిస్టులు వట్టి కాళ్లతో నిలబడ్డారు.

"నిన్ను చూసే తీశారమ్మా," అంది వేద మెల్లగా. "నీకు చాలా భక్తి అనుకునుంటారు."

"భక్తి కాదే. పొద్దుట్నుంచి తిరిగి తిరిగి కాళ్లు వాచిపోయాయి."

ఫణీంద్ర ఆమె పాదాల వంక చూశాడు. లిస్టు మడిచి జేబులో పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, తన షూ లేసులు విప్పుకున్నాడు.